కరగని బిళ్ళ

"అయిదింటికి ఆవిణ్ణి అరెస్టు చేస్తున్నా. ఇప్పుడు రెండున్నర. ఈలోపు నీ ప్రతాపం ఏదన్నా ఉంటే చూపించుకో బావా."

ఒక ఇన్‌స్పెక్టర్ ఒక ప్రైవేటు డిటెక్టివ్‌తో మాట్లాడే పద్ధతి కాదిది. కానీ ఈ ఇన్‌స్పెక్టర్ నా భార్యకి సొంత తమ్ముడు. నేను పోలీసు ఉద్యోగానికి దణ్ణం పెట్టి బయటికొచ్చిన ఏడాదే వాడు అందులో చేరాడు. ఇంట్లో పక్కపక్కన కూర్చుని అన్నం తింటున్నప్పుడు "ఇంకో ముద్ద తిను బావా" అని బతిమాలతాడు. శవం దగ్గర ఎదురుపడితే మాత్రం బూటులో రాయి పడ్డట్టు మొహం పెడతాడు.

"మీ అక్క నీకు మర్యాద నేర్పడం సగంలో ఆపేసినట్టుంది," అన్నాను. "ముందు జరిగింది చెప్పు."

వాడు చెప్పింది ఇదీ. ఉప్పుటేటి ఒడ్డున ఉన్న ఈ నీటి ఆటల క్లబ్బుకి యజమాని ఒకాయన. ఆయన్ని అందరూ కెప్టెన్ అంటారు. ఏ సైన్యంలోనూ పని చెయ్యలేదు, నెత్తిమీద టోపీ తియ్యడు కాబట్టి ఆ పేరు. నిన్న సాయంత్రం చిన్న పడవలో ఒంటరిగా ఏట్లోకి వెళ్ళాడు. ఈ పొద్దున ఆరున్నరకి బురదమేట దగ్గర శవమై దొరికాడు. తల వెనక పెద్ద దెబ్బ. కాలు జారి పడవ అంచుకి కొట్టుకుని, స్పృహ తప్పి నీళ్ళలో పడ్డాడని మా బావమరిది నమ్మకం. కానీ ఒంటిమీద లైఫ్ జాకెట్ ఉంది. నీళ్ళలో పడగానే దానంతటదే గ్యాస్ నిండి, స్పృహ లేని మనిషినైనా వెల్లకిలా తిప్పి తేల్చి ఉంచే రకం. అది నిండలేదు. దాన్ని నింపాల్సిన గ్యాస్ బుడ్డి ఖాళీగా ఉంది.

"ఎప్పుడో వాడి పారేసిన బుడ్డి. మూతికి చిల్లు కూడా ఉంది. ఆ జాకెట్లు కడిగి, ఆరబెట్టి, నిండు బుడ్డి బిగించి ఇచ్చే మనిషి ఈ క్లబ్బులో ఒక్కతే." ఒక కాగితం నా ముక్కు కింద ఆడించాడు. "మరిచిపోయానేమో అని తనే రాసి సంతకం పెట్టింది. ఇంకేం కావాలి నీకు?"

ఆ 'ఒక్కతే' కూతురు మధ్యాహ్నం మా ఆఫీసుకి వచ్చింది. నర్సింగు చదువుతోంది. ఇచ్చిన మంచినీళ్ళు ముట్టుకోలేదు. "మా అమ్మ మరిచిపోయే మనిషి కాదండీ. పొయ్యి ఆర్పానా లేదా అని మూడుసార్లు లేచి చూస్తుంది. మా ఇంట్లో మేమిద్దరమే. అమ్మని తీసుకుపోతే నేను ఎవరి దగ్గరికి పోవాలి?" అంది. నేను కేసు ఒప్పుకున్నది ఆ పొయ్యి మాటకి.

ఆమెని అందరూ అక్క అనే పిలుస్తారట, వయసులో పెద్దవాళ్ళు కూడా. ఆఫీసు వెనక రేకుల పాకలో, బోర్లించిన బకెట్టు మీద కూర్చుని ఉంది. నలభై అయిదేళ్ళుంటాయి. నీలం ఏప్రన్ ఇంకా విప్పలేదు. నీళ్ళలో నానీ నానీ వేళ్ళ చివర్లు ముడతలు పడిపోయాయి. గుమ్మంలో ఒక కానిస్టేబుల్.

"సంతకం ఎందుకు పెట్టావమ్మా?"

"మీ బామ్మర్దిగారు వరసగా అడిగారు అన్నయ్యా. బుడ్డి ఖాళీగా ఉందా లేదా అన్నారు. ఉంది. వాటిని చూసేది నువ్వా కాదా అన్నారు. నేనే. మరింకెవరి తప్పు అన్నారు. నాదేనేమో అన్నా, అదే రాయమన్నారు."

"నిజంగా మరిచిపోయావా?"

"పన్నెండేళ్ళలో ఒక్కసారీ మరిచిపోలేదు. కానీ మనిషే పోయాడు కదా. మరిచిపోలేదని ఏ నోటితో అనను?"

నాకు ఒళ్ళు మండింది. ఆమె మీద కాదు, ఆ మెత్తదనాన్ని కాగితం మీద పెట్టించుకున్నవాడి మీద. తప్పు చేసినవాడు తప్పించుకునే దారి వెతుకుతాడు. ఈమె తప్పు చేశానేమోనని వెతుక్కుంటోంది.

"సరే. జాకెట్ తిరిగొచ్చిన దగ్గర్నుంచీ నువ్వేం చేస్తావో చెప్పు. నాకేమీ తెలీదనుకో."

"అనుకోడం ఎందుకు, తెలీదుగా," అంది. నవ్వలేదు. "మేం జాకెట్ అనం, కోటు అంటాం. కోటు రాగానే ముందు బుడ్డి విప్పుతాను. తరవాత బిళ్ళ తీస్తాను. అది చిన్న తెల్ల బిళ్ళ. దానిమీద స్ప్రింగూ సూదీ ఆగి ఉంటాయి. నీళ్ళు తగలగానే బిళ్ళ కరుగుతుంది, సూది పోయి బుడ్డి మూతికి చిల్లు పెడుతుంది, గ్యాస్ మొత్తం కోట్లోకి పోతుంది. అందుకని బిళ్ళ తియ్యకుండా తొట్టెలో ముంచితే, ఉతికేవాళ్ళ మొహం మీదే పేలుతుంది."

"వానలో తడిస్తే?"

"తడిస్తే కరగదన్నయ్యా. పైన మూత ఉంటుంది. అలలు మీద పడినా ఏం కాదు. మునిగితేనే." ఆమె చేతులు మాటలతో పాటు గాలిలో పని చేసుకుపోతున్నాయి, విప్పుతూ, ముంచుతూ, పిండకుండా వేలాడదీస్తూ. "మంచినీళ్ళలో రెండుసార్లు ముంచాలి. ఉప్పు ఉండిపోతే బట్ట పుచ్చిపోతుంది. జిప్పులో ఇసక పాత బ్రష్షుతో తీస్తాను. పట్టీలన్నీ విప్పి, వెడల్పాటి చెక్క హేంగరుకి నీడలో తగిలిస్తాను. కొత్తగా చేరినవాళ్ళు ఎండలో పడేద్దామంటారు. ఎండలో బట్టలు ఆరతాయి గానీ, కోట్లు చస్తాయి. ఫ్యాను కింద ఒక రోజంతా ఉండాల్సిందే."

"మరి ఆరిందీ ఆరనిదీ కలిసిపోవా?"

"ఎర్రదారం కట్టి ఉంటే ఇంకా తడి, ముట్టుకోకూడదు. విప్పిన బుడ్డి కూడా ఆ ఎర్రదారానికే కట్టి అదే కొక్కేనికి వేలాడదీస్తాను. మర్నాడు ఆరాక బుడ్డి తూకం వేసి, బిగించి, కొత్త బిళ్ళ పెట్టి మూతేసి, ఎర్రది ఊడదీసి పచ్చదారం కడతాను. నా ముడి ఒక్క లాగుకి వచ్చేస్తుంది. రోజుకి ఇరవై నాలుగు విప్పాలి కదా." ఏప్రన్ జేబులోంచి ఒక స్టీలు బుడ్డి తీసి చూపించింది. బెత్తెడు కూడా లేదు. "ఇది నాదే, పన్నెండో కోటుది. నిన్న సాయంత్రం తూకం వేశా. బిగించేలోపు పడవకి టైమైందని తమ్ముడు పిలిచాడు. జేబులో వేసుకుని, వేరే కోటు తొడుక్కుని పోయా."

"నీకూ కోటు కావాలా? పన్నెండేళ్ళు నీళ్ళ పక్కనే ఉన్నావ్."

"పక్కనే ఉన్నా. లోపలికెప్పుడు దిగాను? నాకు ఈత రాదు."

"బిళ్ళ పెట్టకుండా ఎప్పుడైనా మూతేస్తారా?"

ఆ ప్రశ్నకి ఆమె నన్ను జాలిగా చూసింది. "ఎవరమూ వెయ్యం. నేనూ, తమ్ముడూ, కెప్టెనూ. నిద్రలో లేపి బిగించమన్నా బిళ్ళ పెట్టాకే మూత తిప్పుతాం. చెయ్యి ఊరుకోదు."

ఇంకో జేబులోంచి చిన్న డబ్బా తీసింది. అడిగి రెండు బిళ్ళలు కాగితంలో పొట్లం కట్టించుకున్నాను. నా అలవాటది. ఏది విన్నా చేత్తో పట్టుకుంటే గానీ బుర్రకెక్కదు.

"నిన్న కెప్టెన్ ఏ కోటు తీసుకున్నాడు?"

"ఒకటో నంబరు. ఎప్పుడూ అదే. అయిదూ పదికి పచ్చదారం విప్పి నా చేత్తో నేనే ఇచ్చా. కానీ మీ వాళ్ళ బల్ల మీదున్నది తొమ్మిది. అదీ పచ్చదారం కట్టిందే, నిండు బుడ్డి బిగించిందే. ఎందుకు మార్చుకున్నాడో తెలీదు. ఆయన మనసు వారం నుంచీ బాగాలేదు."

"దేనికి?"

"సోమవారం విచారణ. పోయిన నెల మా దగ్గర ఈత నేర్చుకునే పిల్లాడు పోయాడు. ఆ పూట కాపలా ఎవరున్నారు, ఏం చేశారు అని అడుగుతారట. ఆయనకి అబద్ధం చెప్పడం రాదు."

"కాపలా ఎవరిది?"

"తమ్ముడిదే. వాడూ అప్పట్నించీ సరిగ్గా తినడం లేదు."

తమ్ముడంటే తోడబుట్టినవాడు కాదు. క్లబ్బు పడవ నడిపేవాడు. ఈత చూసి అందరూ చేప అని పేరు పెట్టారు, ఈమె ఒక్కతే తమ్ముడూ అంటుంది. రోజూ సాయంత్రం ఆమెని అవతలి ఒడ్డున ఇంటి దగ్గర దింపేది అతనే.

లేవబోతుంటే నా చొక్కా అంచు పట్టుకుంది. "అన్నయ్యా, అరెస్టు ఆపలేకపోతే పోనీ. ఒక్కసారి ఇంటికి పంపించమనండి. పిల్లకి నా నోటితో నేనే చెప్పుకుంటా. పోలీసులు చెప్తే తట్టుకోలేదు."

మూడింటికి ఆ మాట మా బావమరిది దగ్గర పెట్టాను. వాడు ఫైల్లోంచి తలెత్తలేదు.

"ముద్దాయిని షికారు పంపమంటావ్."

"ఇంకా ముద్దాయి కాలేదు. అయిదింటికి కదా? మీ అక్కనే ఎవరైనా ఇలా కూర్చోబెడితే నువ్వు ఇంటికి పంపించవూ?"

అక్క మాట ఎత్తితే వాడు మెత్తబడతాడు. అది నా దగ్గరున్న ఒకే ఒక్క ఆయుధం, పాతికేళ్ళుగా అరగదీస్తున్నాను. వాడు విసుక్కుంటూ గడియారం చూశాడు. "మూడూ ముప్పావుకి వెళ్ళి నాలుగూ ముప్పావుకల్లా రావాలి. ఇక్కడ పడవెక్కేది నా కానిస్టేబుల్ చూస్తాడు, అవతలి ఒడ్డున మా అవుట్‌పోస్టువాడు దింపుకుంటాడు. మధ్యలో నీళ్ళేగా, ఎక్కడికి పోతుంది?"

నేను థాంక్స్ కూడా చెప్పాను.

పడవల రేవులో చేప పడవ కడుగుతున్నాడు. ముప్ఫై ఏళ్ళు దాటవు. చెప్పుల్లేవు. నన్ను చూసి లేచి నిలబడి చేతులు లాగుకి తుడుచుకున్నాడు. మెడలో తాడుకి రెండు తాళంచెవులు వేలాడుతున్నాయి, రెండు మోటారు పడవలవీ.

"నిన్న సాయంత్రం?"

"అయిదున్నరకి అక్కని తీసుకెళ్ళా సార్. ఆరుకి వచ్చేశా. అప్పటికే కెప్టెన్ గారి చిన్న పడవ లేదు. ఆయనకి అలవాటే కదా అని నేను ఇంటికి పోయా."

"పొద్దున?"

"ఆరున్నరకి చూశా. బురదమేట దగ్గర నడుం లోతు నీళ్ళల్లో బోర్లా ఉన్నాడు. కోటు ఒంటిమీదే ఉంది, పట్టీలు బిగించే ఉన్నాయి. కోటు మొత్తం నీళ్ళలోనే మునిగి ఉంది సార్. లాక్కొచ్చి గట్టున పడుకోబెట్టి ఫోన్ చేశా."

"ఫోన్ ఏడూ అయిదుకి. ఈ ముప్ఫై అయిదు నిమిషాలూ?"

వాడి కళ్ళు నిండాయి. "కాళ్ళూ చేతులూ ఆడలేదు సార్. ఆయన పక్కన కూర్చుండిపోయా. ఈత నేర్పింది ఆయనే."

నేను భుజం తట్టాను. నాకు వాడు నచ్చాడు. ఆ సంగతి ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది, అయినా రాయాలి. "అక్కని మూడూ ముప్పావుకి ఇంటికి దింపిరా, జాగ్రత్త," అని పని కూడా నేనే అప్పగించాను. "రోజూ దింపేది నేనే కద సార్," అన్నాడు.

మూడూ ఇరవైకి కోట్ల గదిలోకి అడుగుపెట్టాను. పోలీసులు పొద్దుటి నుంచీ తలుపు దగ్గర మనిషిని పెట్టి ఎవరినీ రానివ్వలేదు. వాళ్ళు కూడా గుమ్మంలోంచి చూసి ఊరుకున్నట్టున్నారు. ఆమెని ఒక్క నిమిషం లోపలికి రానిచ్చి ఉంటే కేసు పొద్దున్నే తేలిపోయేది.

పొడుగాటి గది. కిటికీలకి మందపాటి తెరలు. రెండు ఫ్యాన్లు నెమ్మదిగా తిరుగుతున్నాయి. ఒక గోడకి ఈత సూట్లు నడుం దగ్గర మడిచి లావుపాటి కర్రల మీద వేసి ఉన్నాయి, జిప్పులు తెరిచి, లోపలి వైపు పైకి తిప్పి. రెండో గోడకి ఇరవై నాలుగు కొక్కేలు, వాటికి కోట్లు. తడి రబ్బరు వాసన. కింద రెండు తొట్లు, పాత బ్రష్షులు, ఒక చిన్న కాటా, వాడేసిన బుడ్డీలు పారేసే డబ్బా. ఎక్కడా ఒక్క చుక్క నీళ్ళు నిలిచి లేవు. ఇంత శుభ్రంగా మా ఇంటి వంటగది కూడా ఉండదు, మా ఆవిడ ఇది చదవకుండా ఉంటే బాగుండు.

పన్నెండో కొక్కెం చూశాను. కోటు ఉంది. దానికి ఎర్రదారం ఉంది. బుడ్డి మాత్రం లేదు. ఆమె చెప్పింది చెప్పినట్టే. తొమ్మిదో కొక్కెం ఖాళీ.

ఒకటో కొక్కెం ఖాళీగా ఉండాలి. ఉండకపోతే కనీసం అక్కడున్న కోటు పొడిగా ఉండాలి. అక్కడ కోటు ఉంది. ఎర్రదారం కట్టి, బుడ్డి విప్పి ఆ దారానికే తగిలించి, పట్టీలు వదిలి, చెక్క హేంగరుకి పద్ధతిగా తగిలించి ఉంది. చెయ్యి వేశాను. పైన ఆరింది, అంచుల్లో ఇంకా చెమ్మ.

అయిదూ పదికి కెప్టెన్ చేతికిచ్చిన కోటు ఇది. ఆమె అయిదున్నరకి పడవెక్కింది. తరవాత ఎవరో దీన్ని మంచినీళ్ళలో ముంచి, ఆరేశారు. ఎర్రదారం పట్టుకుని ఒక్క లాగు లాగాను. రాలేదు. గోళ్ళతో పీకినా రాలేదు. బిగించి, తిప్పి, మళ్ళీ బిగించిన ముడి. రేవులో పడవలు కట్టిన తాళ్ళకి అలాంటిదే చూసి అరగంట కాలేదు.

కోటు కాలరు వెనక్కి తిప్పాను. ఎంత రుద్దినా పోని గోధుమరంగు మచ్చ, అరచేయంత. కెప్టెన్ తలకి దెబ్బ తగిలింది సరిగ్గా దాని పైనే.

అంటే ఆయన నీళ్ళలో పడేటప్పుడు ఒంటిమీద కోటు లేదు. ఎవరో ఊడదీశారు. మరి పొద్దున ఒంటిమీద తొమ్మిదో నంబరు ఎలా వచ్చింది?

పరుగులాంటి నడకతో ఆఫీసుకి వచ్చేసరికి మూడూ యాభై. మోకాలు కలుక్కుమంటోంది.

"తొమ్మిదో నంబరు కోటు ఎక్కడ?"

"నీ అత్తగారిల్లా ఇది, అడగ్గానే ఇవ్వడానికి?" అన్నాడు మా బావమరిది.

"నీ అమ్మగారిల్లే నాకు అత్తగారిల్లు. తియ్యి."

పక్కనున్న ఎస్సై నవ్వు దాచుకుంటూ బల్ల మీద సంచీ విప్పాడు. వాళ్ళ చేతి తొడుగులు తీసుకుని తొడుక్కున్నాను. కోటు పైన ఉప్పు చారలు, బురద. బుడ్డి దగ్గర ఒక చిన్న నల్ల మూత ఉంది.

"ఇది ఎవరైనా విప్పారా?"

"బుడ్డి విప్పి చూశాం, చిల్లుంది. చాలదా?"

మూత తిప్పాను. లోపల చూసి, ఇన్‌స్పెక్టర్ గారి మొహం అందులోకి వంచాను.

"ఏముంది?"

"బిళ్ళ. తెల్లగా ఉంది. అయితే?"

"ఎలా ఉంది? మెత్తగా ఉందా? సగం కరిగిందా?"

"శుభ్రంగా ఉంది. కొత్త బొత్తాం లాగా. నీ గోలేంటి బావా?"

జేబులోంచి పొట్లం తీసి అక్క ఇచ్చిన బిళ్ళ ఒకటి, వాడి ముందున్న మంచినీళ్ళ గ్లాసులో వేశాను. "లెక్కపెట్టు."

"నా నీళ్ళు..."

"లెక్కపెట్టరా!"

ఒకటి, రెండు, మూడు. నాలుగు అనేసరికి బిళ్ళ లేదు. అడుగున కాస్త తెల్లటి నలక మిగిలింది.

"నాలుగు అంకెలకి కరిగే బిళ్ళ," అన్నాను. "రాత్రంతా ఉప్పునీళ్ళలో మునిగిన కోటులో కొత్త బొత్తాంలా ఎలా ఉంది? వానకి కరగదు, అల మీద పడినా కరగదు, మునిగితే కరుగుతుంది. ఈ కోటు మునగలేదు. దీన్ని శవానికి గట్టుమీద తొడిగి, పైన నాలుగు దోసిళ్ళ నీళ్ళు చల్లారు."

వాడి మొహంలో రంగు మారింది. కానీ మొండివాడు. "ఆవిడే చేసి ఉండొచ్చు."

"ఆవిడ పొద్దున ఎనిమిదింటికి వచ్చింది. నువ్వు ఏడున్నరకి వచ్చేసరికే కోటు ఒంటిమీద ఉంది. నిన్న సాయంత్రం కెప్టెన్‌ని కొట్టినవాడు, కోటుంటే తేలతాడని అది ఊడదీసి నీళ్ళలోకి తోశాడు. ఆ ఒకటో నంబరు కోటుకి నెత్తురంటింది, కడిగి ఆరేశాడు. ఒంటిమీద కోటు లేకపోతే అనుమానం వస్తుందని తెల్లారాక బుద్ధి పుట్టింది. శవాన్ని గట్టుకి లాగి, తొమ్మిదో కోటులో నిండు బుడ్డి తీసేసి, పాత డబ్బాలోంచి చిల్లు బుడ్డి ఏరి బిగించాడు. తప్పు అక్క మీద పడాలి కదా. బుడ్డి మార్చాక మూతేసే ముందు కొత్త బిళ్ళ పెట్టాడు. పెట్టకూడదని తోచలేదు. ఏళ్ళ తరబడి పెట్టిన చెయ్యి, అదే పెట్టేసింది."

"ఎవరు?"

"కోటు మునిగే ఉందని, ఒంటిమీదే ఉందని నీకు చెప్పిందెవరు? శవాన్ని గట్టుకి లాగిందెవరు? సోమవారం విచారణలో కెప్టెన్ ఎవరి గురించి నిజం చెప్పబోతున్నాడు?"

"చేప," అన్నాడు వాడు. ఆ పేరు వాడి నోట్లోంచి రాగానే గోడ గడియారం చూశాను. మూడూ యాభై ఆరు.

"పడవ," అన్నాను.

ఇద్దరం ఒకేసారి లేచాం. కోట్ల గది దారిలోనే ఉంది. తలుపు దగ్గర కానిస్టేబుల్ సెల్యూట్ కొట్టాడు.

"ఎవరైనా లోపలికొచ్చారా?"

"మీరు వెళ్ళగానే ఆ పడవాయన వచ్చాడు సార్. ఆవిడ కోటు కావాలన్నాడు. కోటు లేకుండా పడవెక్కకూడదు కదా అని నేనే పంపించా."

పన్నెండో కొక్కెం ఖాళీగా ఉంది. కింద నేల మీద ఎర్రదారం ముక్క, కత్తితో కోసింది. అక్కడ పచ్చదారం కోట్లు పది వేలాడుతున్నాయి. వాటన్నిటినీ వదిలేసి, బుడ్డి లేని ఒకే ఒక్క కోటు ఏరి పట్టుకెళ్ళాడు.

నాకు అంతా ఒక్కసారి అర్థమైంది. ఆమె బతికుంటే ఇవాళో రేపో ఈ గదిలోకి వస్తుంది, ఒకటో కొక్కెం చూస్తుంది, ముడి చూస్తుంది. అదే ఈ సాయంత్రం నీళ్ళలో పోతే, సంతకం పెట్టిన కాగితం ఉండనే ఉంది. తప్పు చేసింది, కూతురికి మొహం చూపించలేక దూకింది అంటారు. మా బావమరిది ఫైలు కట్టేస్తాడు. ఆ పడవలో ఆమెని ఎక్కించమని బతిమాలింది నేను.

రేవు చివరికి వచ్చేసరికి పడవ ఏటి మధ్యలో ఉంది. రెండో మోటారు పడవ మా ముందే కట్టి ఉంది, దాని తాళంచెవి చేప మెడలో ఉంది. మా బావమరిది పిస్తోలు తీశాడు. అంత దూరానికి దానితో ఏం చేస్తాడు? మళ్ళీ లోపల పెట్టుకున్నాడు. ఫోన్‌లో అవతలి ఒడ్డువాడి మీద అరుస్తున్నాడు. అవతల పడవ లేదట.

పక్కన తెడ్ల పడవలు వరసగా బోర్లించి ఉన్నాయి, కడిగి, ఆరబెట్టి. ఒకదాన్ని ఇద్దరం లాగి నీళ్ళలోకి తోశాం.

"నాకు ఈత రాదు బావా," అన్నాడు వాడు. వాడు నాతో అంత చిన్న గొంతుతో మాట్లాడటం అదే మొదటిసారి.

"నాకూ రాదు. ఎక్కు."

అప్పుడే ఏట్లో ఇంజన్ చప్పుడు ఆగిపోయింది.

కళ్ళమీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాను. పడవలో ఇద్దరు నిలబడి ఉన్నారు. ఒకరి పక్కకి ఒకరు జరిగారు. తరవాత ఒక్కడే ఉన్నాడు. నీళ్ళు ఎగిరిన చప్పుడు మాదాకా రాలేదు.

"అక్కా!" అని అరిచాడు మా బావమరిది. అప్పటిదాకా ఆమెని ముద్దాయి అనే అన్నాడు.

నేను లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఎందుకు పెట్టానో తెలీదు. ఒకటి. రెండు. మూడు. నాలుగు. నీళ్ళు బూడిదరంగులో అలాగే కదులుతున్నాయి. ఆమె ఏప్రన్ జేబులో ఉన్న బుడ్డి జేబులోనే ఉండిపోయింది, పొద్దుట్నించీ ఆ బకెట్టు మీదే కూర్చున్న మనిషికి కోటు తడిమి చూసుకునే ఓపిక ఎక్కడిది అనుకున్నాను. అయిదు.

పడవ వెనక నీళ్ళలో పసుపుపచ్చగా ఒకటి పైకి లేచి, విచ్చుకుంది. దాని మధ్యలో వెల్లకిలా ఒక తల.

బిగించుకుంది! ఆ పడవలో కూర్చుని, ఏడుస్తూనో, కూతురికి ఏం చెప్పాలా అనుకుంటూనో, చెయ్యి ఊరుకోక, బుడ్డి తీసి బిగించి, బిళ్ళ పెట్టి మూత తిప్పుకుంది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు.

"తేలింది బావా, తేలింది!" వాడు తెడ్డు తిరగేసి పట్టుకుని పసిపిల్లాడిలా ఊపుతున్నాడు.

పడవలో నిలబడ్డవాడు కూడా చూశాడు. వంగాడు. ఇంజన్ మళ్ళీ అందుకుంది. పడవ ముక్కు నెమ్మదిగా చుట్టూ తిరిగి, ఆ పసుపురంగు మీదికే సూటిగా గురిపెట్టింది.

"తెడ్డు వెయ్యరా," అన్నాను.